దశాంశాలు: చుక్క తర్వాత ఏముంది, రెండు సంఖ్యల మధ్య ఏముంది

ఎవరికైనా దశాంశాలు వచ్చో రాదో తేల్చుకోవడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. కింది నాలుగు జతలు కాగితం మీద రాసి, ప్రతి జతలో ఏది పెద్దదో అడగండి. ఆరో తరగతి పిల్లాడినైనా, కాటా దగ్గర కొత్తగా నిలబెట్టిన కుర్రాడినైనా సరే.

4.8, 4.63
5.736, 5.62
4.7, 4.08
0.6, 0.60

మొదటి జతలో 4.63 పెద్దదన్నవాళ్లు చుక్క తర్వాత ఉన్న అంకెలను విడిగా ఇంకో సంఖ్యలా చదువుతున్నారు. 63 ముందు 8 ఎంత అన్నది వాళ్ల లెక్క. వీళ్లే రెండో జతలో 5.736 అని సరిగ్గానే చెప్తారు, కానీ అదే తప్పు దారిన వెళ్లి. కాబట్టి ఒక్క జత అడిగి వదిలేస్తే ఏమీ తెలీదు. అభ్యాసాల్లో ఎక్కువగా రెండు వైపులా అంకెలు సమానంగా ఉంటాయి, 3.45, 3.54 అన్నట్టు. అలాంటివి వంద చేయించినా ఈ పొరపాటు బయటపడదు.

దీన్ని తిరగేసిన పొరపాటు కూడా ఉంది. పదో వంతు కన్నా వందో వంతు చిన్నది, వెయ్యో వంతు ఇంకా చిన్నది అని కొత్తగా నేర్చుకున్న పిల్లలు అంకెలు ఎక్కువుంటే విలువ తక్కువ అనుకుంటారు. వీళ్లు మొదటి జతలో 4.8 అని సరిగ్గా చెప్పి, రెండో జతలో 5.62 పెద్దదంటారు. తప్పే అయినా తెలివైన తప్పు, ముక్క సైజు గురించి ఆలోచిస్తున్నారన్నమాట. ఎన్ని ముక్కలున్నాయో చూడడం ఒక్కటే మరిచిపోయారు. మూడో జతలో 4.08 అన్నవాళ్లు సున్నాను లెక్కలోకి తీసుకోలేదు. నాలుగో జతలో రెండూ సమానం. 0.60 పెద్దదన్న జవాబు వస్తే మళ్లీ మొదటి పొరపాటే.

ఈ గందరగోళానికి సగం కారణం నోటితో చదివే తీరు. 4.63ని "నాలుగు పాయింట్ అరవై మూడు" అని పలికిన క్షణంలోనే 63 అనే కొత్త సంఖ్య పుట్టేస్తుంది. డబ్బు దగ్గర ఇది నడుస్తుంది, నాలుగు రూపాయల అరవై మూడు పైసలు. పైసలకు ఎప్పుడూ రెండు స్థానాలే కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. తూకంలో మూడు స్థానాలు, పాల వెన్న శాతంలో ఒక్క స్థానం, భూమి కాగితాల్లో రెండో నాలుగో. అందుకని చుక్క దాటాక ఒక్కో అంకెనే పలకాలి: "నాలుగు పాయింట్ ఆరు మూడు". ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు ఒడియా బడిలో చదివే మన పిల్లలు దశాంశాన్ని దశమిక అంటారు, ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం బడిలో దశాంశం. పలికే పద్ధతి మాత్రం రెండు చోట్లా ఇదే అలవాటు చేయండి.

కాటా మీద స్థానాలు

స్థాన విలువ చెప్పడానికి నల్లబల్ల మీద గడులు గీయడం కన్నా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మేలు. అద్దంలో 1.275 కనిపిస్తోందనుకోండి. చుక్కకు ఎడమ 1 అంటే ఒక కిలో. కుడివైపు మొదటి స్థానంలో 2, కిలోలో పదో వంతులు రెండు, అంటే 200 గ్రాములు. తర్వాతి 7 వందో వంతులు, 70 గ్రాములు. చివరి 5 వెయ్యో వంతులు, 5 గ్రాములు. ఒక్కో స్థానం కుడికి జరిగితే విలువ పదో వంతుకు పడిపోతుంది, ఎడమకు జరిగితే పది రెట్లవుతుంది. చుక్కకు ఎడమ పక్క ఉన్న సూత్రమే కుడి పక్కకూ సాగింది, అంతే. చుక్క అనేది ఒకట్ల స్థానం ఎక్కడుందో చూపే గుర్తు మాత్రమే.

కాటా ఇంకో మేలు చేస్తుంది. అర కిలో పెడితే 0.5 అని చూపదు, 0.500 అని చూపుతుంది. అర్ధపావు పెడితే 0.125. ఇప్పుడు ఏది ఎక్కువని అడిగితే ఎవరూ తడబడరు, ఎందుకంటే 500 గ్రాములు, 125 గ్రాములు కళ్ల ముందున్నాయి. దశాంశాలను పోల్చే పద్ధతి ఇదే: ముందు పూర్ణాంకాలు చూడండి. అవి సమానమైతే, ఏ సంఖ్యకు అంకెలు తక్కువున్నాయో దానికి చివర సున్నాలు చేర్చి పొడవు సమానం చేయండి. 4.8 అంటే 4.80, దాని పక్కన 4.63. ఇక 80కీ 63కీ తేడా చెప్పడం ఎంతసేపు? చివర చేర్చిన సున్నాతో విలువ మారదు. మధ్యలో దూర్చిన సున్నాతో మారుతుంది: 4.7 వేరు, 4.07 వేరు. ఈ రెండు సున్నాలకూ తేడా తెలియనంతవరకు ముందుకు వెళ్లకండి, తర్వాత నేర్పేదంతా దీని మీదే నిలబడుతుంది.

మధ్య విలువలు పట్టుకోవడం

2.3కీ 2.4కీ మధ్య ఏమైనా ఉందా? లేదనే జవాబు ఎక్కువగా వస్తుంది, 23 తర్వాత 24 కదా అని. రెండింటికీ ఒక్కో సున్నా చేర్చండి: 2.30, 2.40. ఇప్పుడు మధ్యలో 2.31 నుంచి 2.39 వరకు తొమ్మిది సంఖ్యలు కనిపిస్తున్నాయి. ఇంకో సున్నా చేర్చండి: 2.300, 2.400. ఈసారి 2.301 నుంచి 2.399 దాకా 99. ఇంకో స్థానం, 999. ఎక్కడా ఆగదు. తొమ్మిదే ఉన్నాయని నేర్చుకుని ఆగిపోయేవాళ్లు చాలామంది. రెండు స్థానాల వరకే చూస్తే తొమ్మిది అన్నది సరైన మాట.

ఇక్కడ దొర్లే తప్పులు మూడు రకాలు. 5.9కీ 6కీ మధ్య సంఖ్య అడిగితే 5.10 అంటారు. 5.10 అంటే 5.1 మాత్రమే, అది 5.9 కన్నా చిన్నది. దీనికి పాఠ్యపుస్తకాలే కొంత కారణం, అభ్యాసం 1.9 తర్వాత అభ్యాసం 1.10 వస్తుంది కదా! సరైన దారి 5.90, 6.00 అని రాసుకోవడం, అప్పుడు 5.91 నుంచి 5.99 దాకా దొరుకుతాయి. రెండోది, 3.4కీ 3.41కీ మధ్య 3.45 అనడం. పొడవు సమానం చేయకుండా అంకె తగిలించేశారు. 3.400, 3.410 అని రాస్తే 3.401 నుంచి 3.409 వరకు వస్తాయి. మూడోది రుణ సంఖ్యల్లో: −1.3కీ −1.2కీ మధ్య −1.25 సరే, కానీ చిన్నదాని నుంచి పెద్దదానికి వరస రాయమంటే −1.21 నుంచి మొదలుపెడతారు. చిన్నది −1.3 వైపు ఉంది, కాబట్టి −1.29 ముందు రావాలి.

ఒక్క మధ్య సంఖ్య చాలంటే సగటు తీయడం అన్నిటికన్నా సులువు. రెండూ కూడి రెండుతో భాగించండి. 3.4, 3.41ల సగటు 3.405. ఇది ఎప్పుడూ తప్పదు, ఏ రెండు వేర్వేరు సంఖ్యలకైనా పనిచేస్తుంది. వచ్చిన జవాబుకూ మొదటి సంఖ్యకూ మళ్లీ సగటు తీయొచ్చు, మళ్లీ, మళ్లీ. కాకపోతే ప్రతిసారీ చివర ఒక 5 పెరుగుతూ సంఖ్య పొడవవుతుంది.

సమాన దూరంలో కొన్ని కావాలంటే ఇలా చేయండి. పెద్దదానిలోంచి చిన్నది తీసేసి, కావలసిన సంఖ్యల కన్నా ఒకటి ఎక్కువతో భాగించండి. అది ఒక్కో అడుగు. 1.2కీ 1.3కీ మధ్య నాలుగు కావాలి: తేడా 0.1, దాన్ని 5తో భాగిస్తే 0.02. అడుగులు 1.22, 1.24, 1.26, 1.28. ఒకటి ఎక్కువతో ఎందుకంటే, కంచెకు మధ్యలో నాలుగు గుంజలు పాతితే సందులు ఐదొస్తాయి. 2.7కీ 3.15కీ మధ్య ఎనిమిది కావాలంటే తేడా 0.45, తొమ్మిదో వంతు 0.05, వరసగా 2.75 నుంచి 3.10 దాకా. కానీ 1.2, 1.3ల మధ్య ఐదు అడిగితే 0.1ని 6తో భాగించాలి, అది 0.01666 అంటూ సాగుతుంది. ప్రశ్నలో "సమాన దూరంలో" అని లేకపోతే ఆ తిప్పలు పడక్కర్లేదు. 1.21, 1.22, 1.23, 1.24, 1.25 అని రాసేయండి, మార్కులు అవే.

ఒకటి భిన్నం, ఒకటి దశాంశం ఇస్తే ముందు భిన్నాన్ని దశాంశం చేయండి. 1/3కీ 0.34కీ మధ్య? 1/3 అంటే 0.3333..., కాబట్టి 0.335 సరిపోతుంది. ఇక్కడ 1/3ని 0.33 అని కుదించి మొదలుపెడితే 0.331 కూడా జవాబులా కనిపిస్తుంది. అది 1/3 కన్నా చిన్నది, తప్పు. మధ్య విలువ వెతికేటప్పుడు హద్దులను ముందే కుదించకూడదు.

మధ్య విలువ ఉన్నా కనిపించనప్పుడు

సంఖ్యారేఖ మీద 3.4కు "తర్వాతి సంఖ్య" అంటూ ఏదీ లేదు. 3.41 అంటే 3.401 ఉంది, 3.401 అంటే 3.4001 ఉంది. పరికరానికి మాత్రం తర్వాతి సంఖ్య ఉంటుంది. దుకాణాల్లో ఉండే 30 కిలోల కాటాల్లో చాలావాటికి 5 గ్రాముల మెట్టు. అలాంటి కాటా 1.255 తర్వాత 1.260 చూపుతుంది, 1.257 ఏనాటికీ చూపదు. వస్తువు బరువు 1.257 కాలేదని కాదు, కాటా ఆ సందులోకి చూడలేదు. మెట్టు ఎంతో కాటా మీద అంటించిన పలకపైనే రాసి ఉంటుంది. కొలతలతో పని చేసేవాళ్లు ముందు చూసుకోవాల్సింది అదే.

ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో పలాస జీడిపప్పుతో చూద్దాం. డబ్ల్యూ-320 గ్రేడు అంటే ఒక పౌనుకు, అంటే 453.6 గ్రాములకు, 300 నుంచి 320 గుళ్లు (విరగని పప్పులు) తూగాలి. 453.6ని 320తో భాగిస్తే 1.4175, 300తో భాగిస్తే 1.512. అంటే సగటున ఒక్కో గుండు 1.4175 గ్రాములకూ 1.512 గ్రాములకూ మధ్య ఉండాలి. డబ్ల్యూ-240కి ఇలాగే 220, 240లతో చేస్తే 1.89 నుంచి 2.06 వరకు.

ఇప్పుడు సరుకులోంచి 50 గుళ్లు ఏరి తూచాం. అసలు బరువు 72.5 గ్రాములు, సగటు 1.45, పౌనుకు సుమారు 313. నిక్షేపంలా 320 గ్రేడు. కానీ 5 గ్రాముల మెట్టున్న కాటా 72.5 చూపదు, 70 గానీ 75 గానీ చూపుతుంది. 70 చూపితే సగటు 1.40, పౌనుకు 324, సరుకు గ్రేడు తప్పినట్టు. 75 చూపితే 1.50, పౌనుకు 302, గ్రేడులో ఉన్నట్టు. అవే గుళ్లు, రెండు తీర్పులు! తేలాల్సిన విషయం 1.40, 1.45ల మధ్య ఉంటే, ఆ కాటా 50 గుళ్లతో ఆ సందును చూడలేదు. దీనికి కాటా మార్చనక్కర్లేదు. 500 గుళ్లు తూచండి. 725 గ్రాములు వస్తుంది, కాటా 0.725 అని చూపుతుంది, 500తో భాగిస్తే 1.45. మెట్టు అదే 5 గ్రాములైనా ఇప్పుడది 500 గుళ్ల మీద పంచుకుపోయింది, ఒక్కో గుండుకు 0.01 గ్రాము. కాగితం దళసరి, తీగ మందం, బియ్యపు గింజ బరువు లాంటి చిన్న కొలతలన్నిటికీ ఇదే ఉపాయం.

పెట్రోలు బంకులో అద్దం కూడా ఇంతే. లీటరు 105.60 అనుకుందాం. 100 రూపాయలకు 100ని 105.60తో భాగిస్తే 0.94696969..., అద్దం మీద 0.95. ఇంటికొచ్చి 0.95ని 105.60తో గుణిస్తే 100.32 వస్తుంది, 32 పైసలు లాభం వచ్చిందనుకోవద్దు. దగ్గరి విలువకు సవరించి చూపిన 0.95 అంటే 0.945కూ 0.955కూ మధ్య ఎక్కడో ఒకచోట అని అర్థం. ఒక స్థానానికి కుదించిన ఏ సంఖ్యనైనా ఇలా చదవాలి: చివరి అంకె స్థానంలో సగం కిందికి, సగం పైకి.

కుదింపులో విలువ జారిపోవడం కొత్త సంగతేమీ కాదు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు వచ్చినప్పుడు అణా 6.25 నయాపైసలు కావాలి, బేడ (రెండు అణాలు) 12.5, పావలా 25. పావు నయాపైసకు నాణెం లేదు. అందుకని అణాకు 6, బేడకు 12 అని మార్పిడి పట్టికలో పెట్టారు. రెండు బేడలు విడివిడిగా మార్చుకుంటే 24, అదే ఒక పావలాగా మార్చుకుంటే 25. మన పాత లెక్కల్లో పావు, అందులో పావు వీసం; వీసం అంటే 1/16, దశాంశంగా 0.0625. నాలుగు స్థానాలు ఉంటే తప్ప పూర్తిగా పట్టదు.

సెంటు, డిసిమిల్, గజం

ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు ఇటు భూమిని ఎకరాలు, సెంట్లలో రాస్తారు, అటు ఒడిశా పట్టాల్లో ఎకరాలు, డిసిమిళ్లలో. రెండూ ఎకరాలో వందో వంతే, 435.6 చదరపు అడుగులు, 48.4 చదరపు గజాలు. ఇచ్ఛాపురం సెంటూ బరంపురం డిసిమిలూ ఒకటే కాబట్టి మార్చడానికి ఏమీ లేదు. తప్పు జరిగేది రాయడంలో. 5 సెంట్లు అంటే 0.05 ఎకరం. దాన్ని 0.5 అని రాస్తే 50 సెంట్లయిపోతుంది, పది రెట్లు. అలాగే 2.5 ఎకరాలంటే రెండెకరాల యాభై సెంట్లు, 2.05 అంటే రెండెకరాల ఐదు సెంట్లు. సెంట్లు పదిలోపు ఉంటే మధ్య సున్నా రాశారో లేదో చూడకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఎకరాలకు ఒక గడి, డిసిమిళ్లకు పక్కన ఇంకో గడి ఉన్న కాగితాల్లో చుక్కే కనిపించదు, అక్కడ గడి శీర్షిక చూసి మీరే చుక్క పెట్టుకోవాలి. ఒడియా అంకెల్లో రాసిన పట్టా అయితే ఇంకో జాగ్రత్త: ఒడియా నాలుగు మన కళ్లకు ఎనిమిదిలా కనబడుతుంది. 14 డిసిమిళ్లను 18 అనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ఒక లెక్క దగ్గరగా చూద్దాం. 200 గజాల స్థలం ఎన్ని సెంట్లు? 48.4తో గుణించుకుంటూ వెళ్దాం. 4.1 సెంట్లు 198.44 గజాలు, తక్కువ. 4.2 సెంట్లు 203.28, ఎక్కువ. జవాబు ఈ రెంటి మధ్య. ఆ సందును పది భాగాలు చేస్తే, 4.13 దగ్గర 199.892, 4.14 దగ్గర 200.376. మళ్లీ మధ్యలో. ఇంకో పది భాగాలు: 4.132 దగ్గర 199.9888, 4.133 దగ్గర 200.0372. తొమ్మిదో తరగతిలో సంఖ్యారేఖను క్రమంగా పెద్దది చేసి చూపించే పద్ధతి సరిగ్గా ఇదే. ప్రతి అడుగులో ఒక అంకె ఖాయమవుతుంది, సందు పదో వంతుకు తగ్గుతుంది.

ఇది ఎక్కడైనా ఆగుతుందా? 200ని 48.4తో భాగించడమంటే 500ని 121తో భాగించడం. 121 అంటే 11 × 11. భిన్నాన్ని కనిష్ఠ రూపంలోకి తెచ్చాక హారంలో 2, 5 తప్ప వేరే ప్రధాన కారణాంకం ఉంటే దశాంశం అంతం కాదు. ఇక్కడ 11 ఉంది. కాబట్టి 4.1322314049586776859504 వరకు వెళ్లి, చుక్క తర్వాతి 22 అంకెలు మళ్లీ మొదటి నుంచి వస్తూనే ఉంటాయి. 200 గజాల స్థలాన్ని సెంట్లలో పూర్తిగా రాయడం ఎవరివల్లా కాదు. అలాగని స్థలంలో లోటేమీ లేదు. 4.13 అని రాస్తే తగ్గేది 0.108 గజం, చదరపు అడుగు కన్నా కాస్త తక్కువ. 4.132 అని రాస్తే సుమారు 14.5 చదరపు అంగుళాలు, పెద్దవాళ్ల అరచేయంత.

మూడో స్థానానికి నేల మీద ఒక ఆకారం కూడా ఉంది. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ రూపొందించిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లింకులు. సెంటుకు వెయ్యి. కాబట్టి 0.001 సెంటు అంటే లింకు పొడవు, లింకు వెడల్పు ఉన్న ఒక్క చతురస్రం. ఎకరాన్ని వందగా విడగొట్టడం ఇంత సాఫీగా కుదరడానికి కారణం ఆ గొలుసులోని వంద లింకులే.

చుక్క ఉన్నదల్లా దశాంశం కాదు

ఆదిలాబాద్ వైపు, మహారాష్ట్ర వైపు ఎకరాకు 40 గుంటలు. ఆదిలాబాద్ వైపు కాగితంలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరన్నర. శ్రీకాకుళం నుంచి వెళ్లినవాళ్లు అదే 1.20ని ఎకరం ఇరవై సెంట్లుగా చదువుతారు, 30 సెంట్లు గల్లంతు. గుంట అంటే 0.025 ఎకరం, రెండున్నర సెంట్లు, 121 గజాలు. ఆ లెక్కలో 1.39 తర్వాత 2.00 వస్తుంది, 1.40 నుంచి 1.99 దాకా అసలు ఉండవు.

అడుగులు, అంగుళాల్లోనూ ఇదే ముప్పు. క్యాలిక్యులేటర్ 5.6 అడుగులు చూపితే అది ఐదడుగుల ఆరంగుళాలు కాదు. 0.6ని 12తో గుణించాలి, 7.2 అంగుళాలు. ఐదడుగుల ఆరంగుళాలు దశాంశంలో 5.5. పది అడుగుల చతురస్రపు గదికి కర్ణం 14.14 అడుగులు, టేపు మీద పద్నాలుగు అడుగుల 1.7 అంగుళాలు. దాన్ని పద్నాలుగు అడుగుల 1.4 అంగుళాలని తీసుకుంటే మూల మట్టం తప్పుతుంది. ఇక క్రికెట్‌లో 19.3 ఓవర్లంటే 19 ఓవర్లు, మూడు బంతులు, అంటే 19.5 ఓవర్లు. 160 పరుగులకు రన్ రేటు 160ని 19.5తో భాగించి 8.21, 19.3తో భాగిస్తే 8.29 వచ్చి తప్పవుతుంది. స్కోరుబోర్డు మీద 19.5 తర్వాత 20, మధ్యలో ఏమీ లేదు. గంటలు, నిమిషాలు మీకు తెలిసినవే: 2.30 అంటే రెండున్నర.

పరీక్షించడం సులువు. కుడివైపు గడి 9 దాటి, లేదా 99 దాటి ఎడమవైపు ఒకటి పెంచితే అది దశాంశం. 5, 11, 39, 59 దగ్గర దొర్లితే కాదు. అలాంటి వాటికి సగటు తీసే ముందు, మధ్య విలువ వెతికే ముందు చిన్న ప్రమాణంలోకి మార్చుకోండి.

పట్టికలో లేని విలువ

పాల కేంద్రంలో పట్టిక అర శాతం అంచెల్లో ఉందనుకుందాం: వెన్న 6.0కి లీటరు 48 రూపాయలు, 6.5కి 52. పాలు 6.2 వచ్చాయి. 6.0 నుంచి 6.2కి 0.2, మొత్తం సందు 0.5, అంటే ఐదు భాగాల్లో రెండు. ధరలో తేడా 4 రూపాయలు, అందులో ఐదింట రెండు వంతులు 1.60. కాబట్టి 49.60. ఈ పద్ధతి రెండు హద్దుల మధ్య ధర నిలకడగా పెరుగుతుందని నమ్మి చేసేది. కేంద్రం అంచెల ప్రకారమే ఇస్తే 6.5 చేరేవరకు 48 రూపాయలే, అక్కడ మధ్య ధర అనేది లేదు. ఏ పద్ధతో అడిగి తెలుసుకోండి. పట్టిక బయటికి, అంటే 7.2కో 5.1కో ఇదే లెక్క సాగదీయకండి.

రెండు సంఖ్యల మధ్య ఎప్పుడూ చోటుంటుందని చెప్పాం. 0.999... అంటూ 9లు అంతం లేకుండా ఉన్నదానికీ 1కీ మధ్య మాత్రం ఏ సంఖ్యా పెట్టలేరు. ఎందుకంటే అవి రెండు సంఖ్యలు కావు, ఒకే సంఖ్యను రెండు రకాలుగా రాశాం. 1/3 అంటే 0.333..., దాన్ని మూడుతో గుణిస్తే ఒకవైపు 1, ఇంకోవైపు 0.999.... తొమ్మిదులు ఎక్కడైనా ఆగితే సంగతి వేరు: 0.999కీ 1కీ మధ్య 0.9991 నుంచి 0.9999 దాకా నాలుగు స్థానాల్లోనే తొమ్మిదున్నాయి.

డబ్బు లెక్కలో కుదింపు చివర ఒక్కసారే చేయండి. పై 200 గజాల స్థలానికి సెంటు మూడు లక్షల చొప్పున వెల కడదాం. 4.1 సెంట్లని కుదించి మొదలుపెడితే 12,30,000. 4.13తో 12,39,000. కుదించకుండా 500/121 అలాగే ఉంచి 3,00,000తో గుణిస్తే 12,39,669 పైన 42 పైసలు. గజం ధర ముందు తీసి దాన్ని 6,198 అని కుదించి 200తో గుణిస్తే 12,39,600. నాలుగు జవాబులకూ లెక్క ఒకటే, కుదించిన చోటు వేరు. క్యాలిక్యులేటర్‌లో మధ్య జవాబును కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టకుండా, ముందు 200 × 3,00,000 కొట్టి, చివర 48.4తో భాగించండి.